పాస్‌వర్డు డబ్బా, ఒకటి

రాష్ట్ర చీపుళ్లు, చాపల అభివృద్ధి సంస్థ ఎండీ గారు ఒక సెమినారుకి వెళ్లొచ్చారు. ఆ సంస్థలో పనిచేసేవాళ్లకి భూకంపం వచ్చినా అంత గుండెదడ ఉండదు. కిందటిసారి ఆయన ఇలాగే ఒక సెమినారు నుంచి వచ్చి, చీపుళ్లు కట్టే షెడ్లలో స్పీకర్లు పెట్టించి పొద్దస్తమానం వీణ వినిపించమన్నారు. సంగీతానికి పుల్లలు మెత్తబడతాయని అక్కడెవరో చెప్పారట. చీపుళ్లకి ఏమీ కాలేదు గాని, కట్టేవాళ్లు హాయిగా నిద్రపోయారు. ఈసారి సెమినారు పెట్టుబడుల మీద.

వచ్చిన మర్నాడే ప్రాంతీయ కార్యాలయాలన్నిటినీ వీడియోలోకి పిలిచారు.

"మన సంస్థ మిగులు నిధుల్ని ఇకపై క్రిప్టోలో పెడుతున్నాం. క్రిప్టో అంటే కంటికి కనపడని నాణెం. అయితే మనం దాన్ని కొనం."

"కొనకపోవడమే మంచిదండి," అన్నారు రాజమండ్రి ప్రాంతీయ మేనేజర్ చక్రధరరావు గారు. ఎండీ గారు ఏమన్నా మంచిదనడం ఆయనకి అలవాటు.

"కొనం అంటే నేరుగా కొనం. నేరుగా కొంటే ప్రమాదం. విదేశీ షేర్ మార్కెట్లో దానికో ఫండు ఉంది. షేర్లలాగే దాని యూనిట్లు అమ్ముతారు, కొంటారు. యూనిట్లు మనం కొంటాం, నాణెం ఫండు కొంటుంది. అంటే నాణెం మనదే, కాని మన దగ్గర ఉండదు. ఫండు దగ్గరా ఉండదు. ఫండు తరఫున దాచే కంపెనీ ఒకటుంది, దాని దగ్గరుంటుంది. ఆ కంపెనీ దగ్గర కూడా, నిక్కచ్చిగా చెప్పాలంటే, ఉండదు. కంప్యూటర్లో ఉంటుంది."

"అద్భుతం సార్! ఒక వస్తువుని ఇన్నిచోట్ల లేకుండా ఉంచడం మామూలు మాటా?" అన్నారు చక్రధరరావు గారు.

ఆ ఉత్సాహం చూసి ఎండీ గారు ప్రయోగాత్మకంగా రాజమండ్రి ప్రాంతాన్నే ఎంపిక చేశారు. చక్రధరరావు గారు నవ్వుతూనే చెమట తుడుచుకున్నారు. ఆయనకి సెల్‌ఫోన్లో ఫోను ఎత్తడం తప్ప ఇంకేమీ రాదు. అందుకని వెనక్కి తిరిగి, "సత్యవేణి గారూ, మీరు చూసుకోండమ్మా," అనేశారు.

సత్యవేణి ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆ సమయంలో వెనక కుర్చీలో కూర్చుని తన బదిలీ దరఖాస్తు గురించి ఆలోచిస్తోంది. భర్త దొరబాబుకి పలాసలో రైల్వే ఉద్యోగం. ఐదేళ్ల కూతురు లాస్య తండ్రి దగ్గరే, నాయనమ్మ చేతుల్లో పెరుగుతోంది. పలాసలో సంస్థకి బ్రాంచి ఉంది. ఆ బ్రాంచిలో ఖాళీ ఉంది. అయినా నాలుగేళ్లుగా సత్యవేణి దరఖాస్తు పరిశీలనలో ఉంది. శనివారం సాయంత్రం రైలెక్కడం, సోమవారం ఉదయం కళ్లు మండుతూ ఆఫీసుకి రావడం, అదీ పాపం ఆవిడ సంసారం. ఈ మధ్య లాస్య ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ, "ఉండమ్మా, ఛార్జింగు పెడతాను, నీకు నీరసమొస్తది," అంటోంది. తల్లి ఫోనులోనే కాపురం ఉంటోందని ఆ పిల్ల నమ్మకం.

సరే, సత్యవేణి ఖాతా తెరిచింది, పాస్‌వర్డు పెట్టింది, యూనిట్లు కొంది. వెంటనే హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. 'సదరు పాస్‌వర్డును ఎక్కడనూ వ్రాయరాదు. ఎవరికినీ చెప్పరాదు. చెప్పినవారిపైననూ, విన్నవారిపైననూ, వినుచుండగా చూచినవారిపైననూ శాఖాపరమైన చర్యలు తీసుకొనబడునని ఇందుమూలముగా తెలియజేయడమైనది.' దాన్ని ఆఫీసులో అందరూ చదివారు. ఆ రోజు నుంచి సత్యవేణి కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, చుట్టుపక్కల వాళ్లు కళ్లు మూసుకునేవారు.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఏ దేవుడు కరుణించాడో ఏమో, పలాసకి బదిలీ ఆర్డరు వచ్చింది. పదిహేను రోజుల్లో అక్కడ చేరాలి, చేరకపోతే ఆర్డరు రద్దు. సత్యవేణి ఆర్డరు కాగితం పట్టుకుని రికార్డు గదిలోకి వెళ్లి, తలుపేసుకుని, కరువు తీరా ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని దొరబాబుకి ఫోను చేసింది.

"ఏవండీ, వచ్చేత్తున్నానండి!"

"శనివారానికా?"

"శనివారానికి కాదండి. ఇంకెప్పటికీ!"

"మంచం ఒకటి కొనాలయితే," అన్నాడు దొరబాబు. సంతోషమొస్తే అతనికి సామాన్లే గుర్తొస్తాయి.

ఆవిడ స్థానంలోకి అమలాపురం నుంచి మొహిద్దీన్ వచ్చాడు. మనిషి నెమ్మదస్తుడే గాని, మహా జాగ్రత్తపరుడు. ఒకప్పుడు నమ్మకం మీద చూడకుండా చార్జి తీసుకుంటే, లెక్కలో ఉన్న చాపలు కొన్నింటిని అప్పటికే చెదపురుగులు తినేసి ఉన్నాయట. వాటిని తిన్నది మొహిద్దీనే అన్నట్టు అతని జీతంలోంచి కోశారు. అప్పటినుంచి చేత్తో తాకి చూడందే గుండుసూది కూడా తీసుకోడు. కుర్చీలు తాకాడు, ఫ్యాన్లు స్టూలెక్కి తాకాడు, చెత్తబుట్టల్ని బోర్లించి తట్టి చూశాడు. చిట్టచివరి వస్తువు దగ్గరికి వచ్చారు.

"క్రిప్టో ఫండు యూనిట్లు," అని చదివాడు. "ఎక్కడండి అవి మేడమ్?"

సత్యవేణి కంప్యూటర్ తెర చూపించింది. మొహిద్దీన్ కళ్లజోడు సరిచేసుకుని అందులో ఉన్న విలువ రాసుకోబోయాడు.

"ఒక్క నిమిషం ఆగండి మేడమ్, ఇది కదులుతుందండి."

"అది అంతేనండి. యూనిట్లు అన్నే ఉంటాయి. మారేది వాటి ధర."

రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు, మళ్లీ కొట్టేశాడు. చివరికి పెన్ను మూత పెట్టేశాడు. "చాప చాపలా ఉండి ధర మారితే ఒప్పుకుంటానండి. ఇక్కడ చాపే లేదు, ధర మాత్రం గెంతుతుంది. ఇంతకీ ఆ వస్తువేదండి?"

"కనపడదండి. కంపెనీ వాళ్ల దగ్గర ఉంటుంది."

"కనపడందాన్ని ఎలా తీసుకుంటానండి? రేపు చెదలు పడితే?"

"దానికి చెదలు పట్టవు బాబూ!"

"చాపలప్పుడూ ఇలాగే అన్నారండి," అన్నాడు మొహిద్దీన్. సంతకం పెట్టలేదు.

పోనీ పాస్‌వర్డు చెప్పేసి చేతులు దులుపుకుందామంటే సర్క్యులర్ అడ్డం. చార్జి అప్పగింత పూర్తయితే తప్ప పాస్‌వర్డు మార్చరాదు, పాస్‌వర్డు మారితే తప్ప అప్పగింత పూర్తికాదు. చక్రధరరావు గారు సంగతంతా విని, "సమస్య జటిలంగానే ఉంది," అన్నారు తృప్తిగా. జటిలమైన సమస్యని హెడ్డాఫీసుకి పంపేయొచ్చు, అదొక సుఖం. పంపేశారు.

హెడ్డాఫీసు నుంచి వస్తు తనిఖీ అధికారి అప్పలాచార్యులు గారు దిగారు. ఒక చేతిలో తెల్లరంగు డబ్బా, ఇంకో చేతిలో బ్రష్షు. సంస్థకి చెందిన ప్రతి వస్తువు మీదా నంబరు వేయడం ఆయన ఉద్యోగం. ముప్ఫయ్యేళ్లుగా వేస్తున్నారు. బల్లలకి, బీరువాలకి, బిందెలకి, బిందె మీది మూతకి, అటెండరు సూరమ్మ సొంతంగా తెచ్చుకున్న స్టీలు గ్లాసుకి కూడా వేశారు. నంబరు లేని వస్తువు కనిపిస్తే ఆయనకి అన్నం సహించదు.

"ఏదమ్మా ఆ నాణెం? నంబరు వేసేసి మధ్యాహ్నం బండికి వెళ్లిపోతాను," అన్నారు.

సత్యవేణి మొదట్నుంచి చెప్పుకొచ్చింది. ఆయన ఓపిగ్గా విన్నారు. ముందు కంప్యూటర్ మీద వేద్దామని చూశారు, కాని కంప్యూటర్‌కి అప్పటికే దాని నంబరు దానికుంది, ఒక ఒంటి మీద రెండు నంబర్లు రూలుకి విరుద్ధం. తర్వాత, నాణెం దాచిన కంపెనీ ఎక్కడుందో కనుక్కుని, అక్కడికెళ్లి వేసివస్తానని ప్రయాణ భత్యానికి రాశారు. 'సముద్రములు దాటు ప్రయాణమునకు తమ హోదా అర్హము కాదు. స్లీపరు క్లాసులో చేరదగిన దూరము వరకు మాత్రమే వెళ్లి, అక్కడినుండి తనిఖీ చేయవలెను' అని జవాబొచ్చింది. స్లీపరు క్లాసులో భీమవరం దాకా వెళ్లి చూసి వచ్చారాయన. కనపడలేదని నివేదిక రాశారు.

పదిహేను రోజుల్లో తొమ్మిది అలా అయిపోయాయి. పలాసలో దొరబాబు మంచం కొనేశాడు. దాని మీద లాస్య గెంతుతున్న వీడియో పంపించాడు.

పదోరోజున అప్పలాచార్యులు గారికి దారి దొరికింది. దొరికిందే తడవుగా పరుగెత్తుకొచ్చారు.

"కిరసనాయిలుకి నంబరు వేస్తామా? వెయ్యం. సిరాకి? ఫినాయిలుకి? వెయ్యం. ఎందుకని? నిలవదు. మరేం చేస్తాం? అది ఉన్న డబ్బాకి వేస్తాం! రూలు స్పష్టంగా ఉంది. ఇప్పుడు ఈ యూనిట్లు దేంట్లో ఉన్నట్టు?"

"ఖాతాలో," అన్నారు చక్రధరరావు గారు.

"ఖాతా దేంతో తెరుచుకుంటుంది?"

"పాస్‌వర్డుతో."

"పాస్‌వర్డు ఎందులో ఉంది?"

గదిలో అందరూ మెల్లగా సత్యవేణి తలకాయ వైపు చూశారు. అప్పలాచార్యులు గారు బ్రష్షు రంగులో ముంచారు.

"దగ్గరికొచ్చారంటే ఊరుకోనండి!" అంటూ సత్యవేణి కుర్చీ అడ్డం పెట్టుకుంది.

"నుదురు వద్దులెండి, ఆడమనిషి," అని చక్రధరరావు గారు మధ్యవర్తిత్వం చేశారు. చివరికి ఒక తగరపు బిళ్ల మీద నంబరు వేసి, ఐడీ కార్డు తాడుకి కట్టి ఆవిడ మెళ్లో వేశారు. వస్తువుల జాబితాలో ఇలా చేరింది: 'పాస్‌వర్డు డబ్బా, ఒకటి. స్థితి: బాగున్నది.' అప్పలాచార్యులు గారు ఆ పూట రెండు మార్లు మజ్జిగన్నం పెట్టించుకున్నారు.

సత్యవేణికి మొదట నవ్వొచ్చింది. పోన్లే, తద్దినం తీరింది, ఇప్పుడైనా రిలీవ్ చేస్తారు కదా అనుకుంది. మర్నాడు పెట్టె సర్దుకుని వచ్చి చక్రధరరావు గారి ముందు నిలబడింది.

"రిలీవా? ఉద్యోగిగా మిమ్మల్ని రిలీవ్ చెయ్యడానికి నాకేం అభ్యంతరం లేదమ్మా. కాని ఉద్యోగి వెళ్లేటప్పుడు ఆఫీసు వస్తువులు ఇక్కడే పెట్టి వెళ్లాలి. మీరు వెళ్లండి, డబ్బాని ఇక్కడ ఉంచండి."

"డబ్బా నేనే కదండీ!"

"అదే చిక్కొచ్చిపడింది," అన్నారాయన జాలిగా.

వస్తువయ్యాక రూళ్లు ఒక్కటొక్కటే వచ్చి మీదపడ్డాయి. సాయంత్రం గేటు పాసు లేకుండా బయటికి పంపరు. అగ్గి ఆర్పే సిలిండరు ఒకటి కుర్చీ పక్కనే తగిలించారు. రోజూ పొద్దున్నే వస్తువుల దుమ్ము దులపాలి కాబట్టి సూరమ్మ వచ్చి, "తప్పదు తల్లీ, సంతకం ఎట్టాల," అంటూ భుజాల మీద రెండుసార్లు గుడ్డ విదిలించి వెళ్లేది. వస్తువుల విలువ ఏటా పదిశాతం తరుగుతుంది కనుక సత్యవేణికీ తరుగుదల కట్టారు. ఒక్క మేలు మాత్రం జరిగింది. ఆవిడ జీతం ఇకపై జీతాల పద్దులో కాక మరమ్మతుల పద్దులో వేశారు. జీతాలు ఆలస్యమవుతాయి గాని మరమ్మతుల బిల్లులకి ఆ సంస్థలో ఎప్పుడూ ఆలస్యం లేదు.

పదిహేనో రోజు సాయంత్రం ఐదయింది. బదిలీ ఆర్డరు రద్దయింది. దొరబాబు ఫోను చేసి, ఏమీ అడగలేక, "తిన్నావా?" అన్నాడు. వెనకనుంచి లాస్య గొంతు, "అమ్మ ట్రైను ఎక్కిందా నాన్నా?" అని వినిపించింది. సత్యవేణి ఫోను పెట్టేసింది. నాలుగేళ్లు దిగమింగిన ఏడుపూ కోపమూ ఒక్కసారిగా పైకొచ్చాయి. లేచి తిన్నగా మేనేజర్ గదిలోకి వెళ్లింది.

"ఏవండీ, ఒక్క మాట తేల్చి చెప్పండి. నేను మనిషినా, వస్తువునా?"

చక్రధరరావు గారు కంగారుగా ఫైలు తిరగేశారు. "రికార్డు ప్రకారమైతే... వస్తువే."

"అయితే ఈ బల్లలతో పాటు నన్నూ ఎత్తి లారీలో పడేయండి! ఎక్కడికైనా తోలేయండి! నా పీడా వదులుద్ది, మీ పీడా వదులుద్ది!"

ఒళ్లు మండి అన్నమాట అది. కాని చక్రధరరావు గారి మొహం వికసించింది. కుర్చీలో ముందుకి జరిగారు.

"లారీయా? అమ్మా, మనిషిని బదిలీ చెయ్యాలంటే హెడ్డాఫీసు ఆర్డరు కావాలి. వస్తువుని పంపాలంటే నా చలానా చాలు! పలాస వాళ్లు మొన్నే రెండు కుర్చీలూ ఒక బల్లా అడిగారు. లోడు ఎల్లుండి వెళ్తుంది."

తిట్టాలో, దణ్ణం పెట్టాలో సత్యవేణికి అర్థం కాలేదు. చివరికి, "కిటికీ పక్కన వెయ్యండి," అంది.

మూడోనాడు చీపుళ్ల లోడు మినీలారీ బయల్దేరింది. చలానాలో నాలుగు వరసలు: చీపుళ్ల కట్టలు, కుర్చీలు, బల్ల, పాస్‌వర్డు డబ్బా. సరుకు కేబిన్లో కూర్చోకూడదని డ్రైవరు అన్నాడు గాని, తుని దాటాక అతనికే మనసొప్పక ముందుకొచ్చి కూర్చోమన్నాడు. లారీ బయల్దేరేటప్పుడు మొహిద్దీన్ గేటు దాకా వచ్చి చేతులూపాడు. కళ్లెదురుగా వస్తువు కదిలి వెళ్లడం చూశాడు కాబట్టి, ఇక దానికి తను బాధ్యుణ్ని కాదని అతనికి నిబ్బరంగా ఉంది.

పలాస బ్రాంచిలో స్టోరుకీపరు గున్నయ్య సరుకు దించుకున్నాడు. చీపుళ్లు లెక్కపెట్టాడు, కుర్చీల కాళ్లు ఊపి చూశాడు, చివరికి సత్యవేణి ముందుకొచ్చి చలానా పైకీ కిందకీ చూశాడు.

"డబ్బా ఏదమ్మా?"

సత్యవేణి మెళ్లో బిళ్ల చూపించింది. గున్నయ్య నంబరు పోల్చి చూసుకున్నాడు. నంబరు సరిపోయాక ఆ సంస్థలో ఎవరికీ ఇంకో అనుమానం రాదు. "గీతలు గాని, సొట్టలు గాని నేవు కదా?" అని అడిగి, 'సరుకు భద్రముగా అందినది' అని రాసేశాడు.

గేటు బయట దొరబాబు, లాస్య నిలబడి ఉన్నారు. లాస్య తల్లిని చూసింది, తండ్రి వైపు చూసింది, మళ్లీ తల్లిని చూసి ఒక్క పరుగున వచ్చి నడుం చుట్టేసింది. గున్నయ్య గట్టిగా కేకేశాడు. "పాపా, ఆఫీసు సామాను ముట్టుకోగూడదు!"

"మా ఆవిడండి," అన్నాడు దొరబాబు.

"అవొచ్చు. గేటు పాసు మీద సంతకం ఎట్టి అట్టుకెళ్లండి. రేపు పదికల్లా తిరిగి జమచెయ్యాల."

గేటు పాసులో 'ఏ అవసరము నిమిత్తము' అని ఉంది. దొరబాబు అమాయకంగా 'ఇంటి వాడకమునకు' అని రాశాడు. సత్యవేణి అది చదివి పెన్ను లాక్కుంది.

"వాడకమేంటండీ వాడకం! నేనేమైనా చీపురునా?" అని కొట్టేసి, 'కాపురమునకు' అని రాసింది.

అలా రోజూ పొద్దున పదికి దొరబాబు భార్యని జమచేసేవాడు, సాయంత్రం ఐదుకి సంతకం పెట్టి తీసుకెళ్లేవాడు. మధ్యలో సత్యవేణి సీనియర్ అసిస్టెంటు పని చేసేది. వస్తువు పని చేయకూడదని రూలు ఎక్కడా లేదు.

ఆ మరుసటి ఏడు ఎండీ గారు మారారు. కొత్తాయన కూడా ఒక సెమినారుకి వెళ్లొచ్చారు, అది మేకల మీద. యూనిట్లు వెంటనే అమ్మేయమన్నారు. సత్యవేణి పలాసలోనే కూర్చుని అమ్మేసింది. కొన్నదానికంటే కాస్త ఎక్కువకే పోయాయి. దానిమీద ఆడిటు వాళ్లు అభ్యంతరం రాశారు: రూలు ప్రకారం పదిశాతం అరిగిపోవలసిన వస్తువు ఏ కారణము చేత పెరిగినది, బాధ్యులెవరు? దానికి చక్రధరరావు గారు ఇప్పటికీ జవాబు రాస్తూనే ఉన్నారు.

సరుకు పోయింది, డబ్బా మిగిలింది. ఖాళీ డబ్బాని ఏం చేయాలో తేల్చడానికి అప్పలాచార్యులు గారు ఇంకో ఇద్దరు అధికారుల్ని వెంటబెట్టుకుని పలాస వచ్చారు.

"నిరుపయోగం అని రాస్తే వేలం వెయ్యాలమ్మా. అది బాగోదు," అన్నారు ఆచార్యులు గారు. ఏడాదిలో ఆయనకి ఆవిడంటే అభిమానం ఏర్పడింది. "అందుకని కమిటీ దయతలచి, మిమ్మల్ని తిరిగి ఉద్యోగిగా పునరుద్ధరించడానికి సిద్ధంగా ఉంది. బిళ్ల తీసేస్తాం, మర్యాదగా మనిషి అయిపోతారు. సంతోషమేనా?"

సత్యవేణి వెంటనే సంతోషపడలేదు. ఏళ్ల తరబడి వాళ్లతో వేగిన మనిషి కదా.

"మనిషినైతే ఏమవుద్దండి?"

"ఏముంది, అందరిలాగే. సాధారణ బదిలీలు వర్తిస్తాయి. ఈ మే నెలలోనే జాబితా ఉంది. రాయదుర్గం బ్రాంచిలో ఖాళీ ఉందనుకుంటాను."

"వస్తువుగానే ఉంటే?"

ఆచార్యులు గారు పక్కవాళ్ల వైపు చూశారు. వాళ్లలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "వస్తువుని కదపాలంటే రవాణా ఖర్చు మంజూరు కావాలి. రాజమండ్రి నుంచి మిమ్మల్ని తెచ్చిన లారీ కిరాయే ఇంకా పాస్ కాలేదు. ఈ బ్రాంచిలో ఆ బీరువా చూడండి, సంస్థ పుట్టినప్పటి నుంచి అక్కడే ఉంది. దాన్ని కదిపినవాడు లేడు."

సత్యవేణి ఆ బీరువా వైపు చూసింది. ఈ సంస్థలో చేరాక ఎవర్ని చూసీ అంత ఈర్ష్య పడలేదు.

"అయితే నన్ను వస్తువుగానే ఉంచేయండి బాబూ," అంది చేతులు జోడించి. "మీ కాళ్లు పట్టుకుంటాను, నన్ను మాత్రం మనిషిని చెయ్యకండి!"

ఆచార్యులు గారికి కళ్లు చెమర్చాయి. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో తన నంబరు విలువ తెలిసిన మొదటి వస్తువు ఇదేనన్నారు. 'డబ్బా ఖాళీగా ఉన్నను పనికివచ్చు స్థితిలోనే ఉన్నది, యథాస్థానమున కొనసాగించవచ్చును' అని రాసి ముగ్గురూ సంతకాలు చేశారు.

మే నెల జాబితా వచ్చింది. మొహిద్దీన్ ఆదోని, గున్నయ్య నంద్యాల, చక్రధరరావు గారు మదనపల్లె. రాష్ట్రమంతా పెట్టెలూ బేడలూ సర్దుకుంటున్నారు. జాబితా అంతా వెతికినా సత్యవేణి పేరు లేదు. ఐదింటికి దొరబాబు గేటు దగ్గర సంతకం పెట్టాడు. ముగ్గురూ స్టేషను రోడ్డు మీద నడుస్తున్నారు.

"అమ్మా, మా క్లాసులో నవ్యావాళ్లమ్మ గారికి ట్రాన్స్ఫర్ అయిందంట. నువ్వు కూడా వెళ్లిపోతావా?" అంది లాస్య.

"వెళ్లనమ్మా," అంది సత్యవేణి, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని. "నన్ను కదపడానికి వాళ్ల దగ్గర డబ్బుల్లేవంట."